టౌన్‌హాల్ గోడకు గచ్చు

2023లో నేను దోహాలోని ఉమ్ ఘువైలినాలో, పాత కట్టడాలు మరమ్మతు చేసే కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే కాగితాలు రాసి, పంపి, భద్రపరిచే పని. చేరి రెండు నెలలే. అప్పుడే ఇంగ్లండు నుంచి ఒక టౌన్‌హాల్ పని వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఎర్ర ఇటుకల కట్టడం. కింద కమానుల మధ్య ఒకప్పుడు సంత, పైన సభలు జరిగే పెద్ద హాలు, ఆ పైన గడియారం గోపురం. ఫొటోల్లో చూసే దానిమీద మనసు పడ్డాను. లోపలి గోడలే పాపం, చెమ్మకి పొడిపొడిగా రాలుతున్నాయి.

మరమ్మతు ఎలా చెయ్యాలో వరుసగా రాసే కాగితాన్ని మెథడ్ స్టేట్‌మెంట్ అంటారు. పూత సంగతి చెప్పింది ఖాదర్ భాయ్. జగిత్యాల మేస్త్రీ, పాత గోడల పనిలో ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఇంగ్లిషు రాదు. ఆయన చెబుతుంటే నేను రాశాను. తయారుచేసినవారి వరుసలో ఆయన పేరూ పెట్టించాను. కాగితం మీద తన పేరు పడటం అదే మొదటిసారట. నెలాఖరుకి ఆయన ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోతున్నారు.

కాగితం పంపిన వారానికి మేనేజరు పిలిచారు. "ఆ గోడలకి సిమెంటా? అక్కడి ఇంజినీరు తిట్టిపోశాడు. మీ మేస్త్రీకి పని తెలీదు, ఆయన పేరు తీసెయ్యి."

యార్డులోకి పరిగెత్తాను. "ఖాదర్ భాయ్, మీరే కదా గచ్చు పెట్టమన్నారు?"

"అవ్, నేనే అన్న. గచ్చే పెట్టాలె."

"సిమెంటు వద్దంటున్నారు వాళ్ళు."

"సిమెంటని ఎవలన్నరు బిడ్డా? గచ్చంటే సున్నం! సిమెంటు పూస్తే తడి లోపల్నే ఉంటది, గోడకు ఊపిరాడది."

మా భీమవరం ఇంట్లో గచ్చంటే సిమెంటు నేల. రోజూ కడిగిన నేల. ఆ మాట నాకు తెలియకపోవడమేమిటని, అడక్కుండా సిమెంటని రాసిపారేశాను. "తప్పు నాది" అంటుంటే ఏడుపొచ్చేసింది.

"ఏడ్వకు. మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు. గోడ ఇంకా నిలబడే ఉన్నది గద. యల్లా, దిద్దుదాం పా."

మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్షింతలు పడ్డాయి కానీ ఆయన పేరు నిలిచింది. దిద్దిన కాగితంలో సున్నపు పూత అని రాసి, పక్కనే ఇంగ్లిషు అక్షరాల్లో గచ్చు అని కూడా వేశాను.

వెళ్ళే ముందు ఖాదర్ భాయ్ ఆ కాగితం చూడటానికి వచ్చారు. ఆయన పేరు చూపించాను. తలూపి, "గచ్చు ఏడ రాసినవ్?" అన్నారు. చూపించాను. గోడ నునుపు చూసినట్టు ఆ మాటను వేలితో మెల్లగా తడిమారు.

ఇప్పటికీ తెలుగువాళ్ళు ఎవరు పని చెప్పినా, నాకు బాగా తెలుసనుకున్న మాట దగ్గరే ఆగుతాను. "మీ ఊళ్ళో ఈ మాటకి అర్థం ఏంటండీ?" అని అడిగాకే రాస్తాను.