తప్పు ప్రశ్నది

అనకాపల్లిలో నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రికి ఒక డాక్టరమ్మ వచ్చేది. ఏళ్ల తరబడి హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లను కరోనా తగ్గాక కూడా వదలని నీరసం మీద ఆవిడ పరిశోధన. ఫారంలో జవాబు పొసగకపోతే రోగిని విసుక్కునేది కాదు. "తప్పు ప్రశ్నది" అని, తను రాసిన ప్రశ్నే కొట్టేసేది.

ఓ ఉదయం పూడిమడక నుంచి చేపలమ్మే ఒకావిడ బజారుకు వెళ్తూ మందుల కోసం వచ్చింది. అలుపు ఉంటోందా అని ఫారం చూసి అడిగాను.

"అలుపేటమ్మా, నాకేటీ లేదు."

లేదనే రాసేశాను. డాక్టరమ్మ ఆ కాగితం చూసి, గుమ్మం దగ్గరున్న చేపల తట్ట వైపు చూసింది.

"బస్సు దిగి ఇక్కడికొచ్చేలోపు తట్ట ఎన్నిసార్లు దించావమ్మా?"

"నాలుగుసార్లు. కరోనా రాకముందు ఒక్కపాలి కూడా దించీదాన్ని కాదు."

ఆ పూటే ఫారంలో అలుపు పోయి తట్ట వచ్చింది. దేవరాపల్లి రైతుల దగ్గర అదే చెరకు మోపు అయింది. నాకేటీ లేదన్నవాళ్లే వేళ్లు మడిచి లెక్క చెప్పసాగారు.

తర్వాత విశాఖలో జరిగిన డాక్టర్ల పెద్ద సభలో ఆవిడ ఈ పరిశోధన వినిపించింది. ఆ తట్ట ప్రశ్న ఏ దేశం ఫారంలోంచి తీసుకున్నారని ఒక పెద్ద డాక్టరు అడిగాడు. వెనక వరసలో నేను నిటారుగా కూర్చున్నాను.

డాక్టరమ్మ మైకు దగ్గరికి జరిగి, "పూడిమడకదండీ" అంది.