గాసన్న ఎడమ చెవి

మీ మొదటి పోస్టింగు ఎక్కడని ఊళ్లో ఎవరడిగినా, డుంబ్రిగుడ దగ్గరి మగపిల్లల ఆశ్రమ పాఠశాల అంటాను. నవ్వుతారు. నవ్వండి. కాశ్మీరు మంచులో కాపలా కాసినవాణ్ని, ఆ మాట ఊరికే అనను.

జూన్‌లో చేరాను. ఆరో తరగతి. ముసురు. మా నాన్న నన్ను గేటు దగ్గర దించి, హుకుంపేట జీపెక్కి వెళ్లిపోయాడు. సామాను ఇచ్చారు. రేకు పెట్టె, స్టీలు కంచం, గ్లాసు, ఒళ్లంతా దురద పెట్టే రగ్గు. నా పక్క చాప గాసన్నది. మా పక్క ఊరివాడు, నాకంటే ఏడాది ముందే చేరాడు.

"ఈల ఇనబడితే బేగి లెగు. లేటయితే సంపేత్తాడు," అన్నాడు.

అదే నాకందిన మొదటి ఆర్డరు.

ఈల ఊదేది డ్రిల్లు మాస్టారు. మైదాన ప్రాంతం నుంచి వచ్చినాయన. తెల్లారి ఐదింటికి లైను. మంచులో పక్కవాడు కనబడకపోయినా లైను వంకర పోకూడదు. పోతే వెదురు బెత్తం పిక్కల మీద పడేది. నోట్లోంచి మా ఇంటి భాష జారితే కంకర మీద మోకాళ్లు. ఏడిస్తే మళ్లీ దెబ్బలు. బెత్తం విరిగితే, దెబ్బలు తిన్నవాణ్నే కొత్తది నరుక్కురమ్మనేవాడు. శత్రువు కూడా అంత తీరిగ్గా కొట్టడు.

గాసన్నకు మిలటరీ పిచ్చి. బడిలో వాడితో సమానంగా పరిగెత్తినవాడు లేడు. "నిన్ను ఆర్మీకి పంపిస్తానురా," అని ఒకరోజు డ్రిల్లు మాస్టారు వాడి భుజం తట్టాడు. ఆ ఒక్క మాటకే వాడు ఆయనకు దాసోహమైపోయాడు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లంతా వేటకు వెళ్లే పండగ. వెళ్లనివాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. మాకు సెలవివ్వలేదు. గాసన్న గోడ దూకాడు. పండగ అయ్యాక, ప్రార్థన లైను నిలబడి ఉండగా గేటులోంచి దర్జాగా నడిచొచ్చాడు. చేతిలో అడ్డాకు పొట్లం.

మాస్టారు అప్పుడే స్నానం చేసి, నుదుటి మీద విభూతితో నిలబడి ఉన్నాడు. శాకాహారి.

"ఏంట్రా అది?"

"వాటా మాస్టారూ. నా మొదటి ఏట. కుందేలు కొట్టినాను. మీకే తెచ్చినాను."

వాళ్ల ఊరిలో మొదటి వేటలో వాటా విద్య నేర్పిన పెద్దకి ఇస్తారు. వాడికి పరుగు నేర్పినవాడు ఈయనే. ఆ లెక్కన తెచ్చాడు. మాస్టారు పొట్లం విప్పి మాంసం చూశాడు. ముఖం జేవురించింది.

"గోడ దూకింది చాలక నాతో ఆటలా? నా చేతిలో మాంసం పెడతావా?"

ఎడమ గూబ మీద కొట్టాడు. ఆ చప్పుడు ఆఖరి వరస దాకా వినబడింది. గాసన్న పడ్డాడు. పొట్లం చిరిగి కంకరలో పడింది. పడ్డవాణ్ని బూటుతో తన్నాడు. బెత్తం చీలి పుల్లలయ్యేదాకా వీపు చీరేశాడు. లైనులో ఒకడు కదిలితే "సావధాన్!" అని అరిచాడు. మేం కొయ్యబారిపోయి నిలబడ్డాం. వాడి చొక్కా కాలరు ఎర్రబడింది.

తరవాత మాస్టారు బదిలీ మీద వెళ్లిపోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్దయ్యాక ఇద్దరం విశాఖలో ఆర్మీ ర్యాలీకి వెళ్లాం. పరుగులో గాసన్న ఫస్టు. మెడికల్‌లో డాక్టరు వాడి ఎడమ పక్క నిలబడి మెల్లగా పేరడిగాడు. వాడు పలకలేదు. మళ్లీ అడిగాడు. వాడు నావైపు చూసి నవ్వుతున్నాడు, తనను పిలుస్తున్నారని తెలియక.

"అన్‌ఫిట్. నెక్స్ట్."

ఆ నెక్స్ట్ నేనే.

సర్వీసులో చాలా చూశాను. పక్కన నడిచినవాడు మందుపాతర మీద కాలు పెట్టడం చూశాను. అయినా బంకర్‌లో రేడియో ఆపరేటరు "వినబడుతోందా? ఓవర్," అన్నప్పుడల్లా నాకు గాసన్నే గుర్తొచ్చేవాడు.

రిటైరై వచ్చిన రోజు వాడు కాఫీ తోటలో పళ్లు కోస్తున్నాడు. వెనక, ఎడమ పక్క నుంచి పిలిచాను. తిరగలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడ్డాను.

"ఏటి, దొంగలా వచ్చినావు? కేకెయ్యలేవేటి?" అంటూ వాటేసుకున్నాడు. నాకు ఏడుపాగలేదు. ఆ మాస్టారు దొరికితే ఇప్పటికీ గొంతు నులిమేస్తాను.

నిద్రలో నాకు మందుపాతర రాదు. ఆ ప్రార్థన లైనే వస్తుంది. చెవిలోంచి నెత్తురు కారుతుంటే, గాసన్న కంకరలో పడిన ముక్కలు ఏరి, ఒక్కొక్కటీ ఊది, చిరిగిన అడ్డాకులో పెడుతుంటాడు. మళ్లీ లేచి, రెండు చేతులా అందిస్తూ అడుగుతాడు.

"వాటా తక్కువైనాదా మాస్టారూ?"