ఫోను మీద మన్ను

దగ్గరికి జరిగి కూసోండి, ఇది గట్టిగా చెప్పే మాట కాదు. కడప బస్టాండులో టోపీ పెట్టుకున్న పెద్దాయన నా పక్కకొచ్చినాడు.

"అక్కా, నా ఫోన్లో నెట్ అయిపాయ. కువైట్‌లో మా తమ్మున్ని మట్టి చేస్తాండారు. నీ ఫోన్‌నించి రవ్వంత నెట్ ఇస్తావా?"

"నాకు రాదన్నా, నువ్వే పెట్టుకో" అని ఫోను చేతికిచ్చినా.

"దూరం పోవాకు అక్కా, నువ్వు పోతే నెట్టూ పోతాది."

ఆయన ఫోన్లో ఇసక గుంత కనపడింది. అందరూ తలా మూడు గుప్పిళ్ళ మట్టి వేస్తాండారు. ఈయన చుట్టూ చూసినాడు, అంతా సిమెంటే. నా సంచిలో కనకాంబరం నారు ఉండె. వేర్లకున్న మన్ను రాల్చి ఆయన చేతిలో పోసినా. "నేను ఎత్తుకోని పెంచినోడక్కా" అంటా తన ఫోను మీద మూడుసార్లు వేసినాడు. మన్ను కింద బొమ్మ మూసుకుపాయ.

"తుడుద్దామా అన్నా?"

"వద్దులేక్కా. పండుకోనీ."

మీ ఇంట్లో ఎవరి కడసూపూ ఫోన్లో చూసే రాత లేకుండా, మీ గడప చల్లగుండనీ.