బాలింతకు మంచినీళ్లు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మన ఆడపిల్లలు ప్రసవించిన ఒకటి రెండు రోజులకే ఫ్లాట్‌కు వచ్చేస్తారు. ఊళ్లో ఉన్న కన్నతల్లికి వీసా రాదు. భర్తకు సెలవు చాలదు. అటువంటి ఇళ్లకు రోజూ ఒక పెద్దావిడ వెళ్లి, వండిపెట్టి, బిడ్డను ఒళ్లో వేసుకుని తల్లిని కాసేపు నిద్రపోనిచ్చే ఏర్పాటును నేను మొదలుపెట్టాను. ఎవరు ఏ రోజు వెళ్లాలో రోటా రాసేదాన్ని. బాలింతకు ఒళ్లు వెచ్చబడిందా, కంటినిండా నిద్రపట్టిందా, ఎందుకు ఏడ్చింది, అన్నీ రాసిపెట్టేదాన్ని. ఉపాధ్యాయినిగా ఉన్నప్పటి అలవాటు అది.

మన పద్ధతినంతా గుడ్డిగా మోసుకురాలేదు. వెల్లుల్లి కారం, నువ్వుల పొడి, నడుముకు నూనె మర్దన ఉంచాను. బాలింతకు నీళ్లు తగ్గించే ఆచారాన్ని మాత్రం మొదటి రోజే తీసేశాను. పాలిచ్చే తల్లి నోరు ఎండగట్టడం వైద్యం కాదు, దండన. బిడ్డకు సాంబ్రాణి పొగ వద్దన్నాను. జ్వరం వస్తే ముందు మిడ్‌వైఫ్‌కు ఫోన్ చేయాలన్నాను.

అలా నా చేతి పథ్యం తిన్నవాళ్లలో ఒక ఐటీ ఉద్యోగిని ఉంది. మంచం పక్కన చెంబు పెట్టి, అది ఖాళీ అయ్యేదాకా కదలనంటే నవ్వేది. కోలుకున్నాక తనే మాతో కలిసింది. మా పనిని సర్జరీవాళ్లు, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌వాళ్లు, గుర్తిస్తే ఎక్కువమందికి అందుతుందని ఆమె అంటే, వాళ్లతో మాట్లాడే బాధ్యత ఆమెకే అప్పగించాను.

అప్పటికి రోటాలో తరువాతి కాన్పు మాస్టర్స్ చదువుతున్న ఒక కర్నూలు అమ్మాయిది. తల్లి లేని పిల్ల. “మీరొస్తే నాకు భయం ల్యాదు ఆంటీ” అని నా దగ్గర మాట తీసుకుంది.

ఆమెకు నెలలు నిండుతుండగా కమ్యూనిటీ హాల్లో సమావేశం పెట్టారు. సర్జరీ నర్సు, నగర కౌన్సిల్ ఆవిడ ముందు వరసలో ఉన్నారు. ఐటీ ఉద్యోగిని తెర మీద చూపించింది: పెద్దవాళ్లు బాలింతకు నీళ్లివ్వరట, బిడ్డకు పొగ వేస్తారట, తను కూడగట్టిన కొత్త బృందం వాటిని మాన్పించిందట. ఇకపై పెద్దవాళ్లు వండి పంపవచ్చు. ఇళ్లలోకి వెళ్లేది శిక్షణ పొందిన కొత్త బృందమే. ఆ బృందంలో నేను లేను.

టీ దగ్గర ఆమెను నిలదీశాను.

“నీకు చెంబెడు నీళ్లు తాగించింది ఎవరమ్మా?”

“మీరే ఆంటీ. అది మిమ్మల్ని అన్నట్టు కాదు, జనరల్‌గా పెట్టా. ముందు ప్రాబ్లమ్ చూపించకపోతే వీళ్లు ఒప్పుకోరు.”

“ప్రాబ్లమ్‌కి నా మొహమే దొరికిందా?”

“అబ్బా, మీరు మరీ హర్ట్ అయిపోతున్నారు. సమోసా తీసుకోండి.”

తీసుకోలేదు.

కర్నూలు అమ్మాయి ప్రసవించి ఇంటికి వచ్చిందని తెలిసి, ఇచ్చిన మాట ప్రకారం క్యారియర్‌తో వెళ్లాను. భర్త తలుపు సగమే తెరిచాడు.

“ఏమనుకోవద్దండి ఆంటీ. గ్రూపులో పెట్టినారు, పెద్దోళ్లను లోపలికి రానీయొద్దని. నీళ్లు గూడా తాగనీయరంట గదా మీరు?”

లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

“ఎవురొచ్చినారు?” అని ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

“ఫుడ్ వచ్చింది” అని వెనక్కి తిరిగి చెప్పి, క్యారియర్ అందుకుని తలుపు వేశాడు.

మర్నాడు ఐటీ ఉద్యోగిని మెసేజ్ పెట్టింది. శిక్షణ ఇవ్వడానికి తమ దగ్గర ఏమీ లేదట, నేను రాసిన కాగితాలన్నీ కావాలట. చివర ఒక నమస్కారం బొమ్మ.

పేర్లు తీసేసి, మిగతాదంతా మార్చకుండా నకలు రాసి పంపాను. ఆ కర్నూలు పిల్ల గుమ్మం దాటి లోపలికి వెళ్లేది ఎవరైనా, ఏం చూడాలో తెలిసి వెళ్లాలి. ఆ మెసేజ్‌కు జవాబు మాత్రం ఇవ్వలేదు. ఐటీ ఉద్యోగిని ఎదురుపడినా పలకరించడం మానేశాను.