సదానందం బేస్‌కు కంప్రెసర్

కరోనా తరువాత మైదానాలు మళ్ళీ తెరిచిన ఏడాది, వర్షాకాలం చివర్లో, నన్ను సూరత్‌లోని ఆల్థాన్‌లో జరిగే నవరాత్రి గర్బాకు ప్రధాన సౌండ్ ఇంజనీరుగా వేశారు. నేను పనిచేసిన సంస్థ గోడౌన్ కడోదరాలో ఉండేది. స్పీకర్లు, మిక్సర్లు, కేబుళ్లు అద్దెకిచ్చి, వాటితోపాటు మనుషులనూ పంపేది. మా పనిలో హోదాలు స్పష్టంగా ఉంటాయి. జనానికి వినిపించే ధ్వనిని కలిపేవాడు మైదానంలో వేదికకు ఎదురుగా కూర్చుంటాడు. అతడే ప్రధాన ఇంజనీరు. వాద్యగాళ్లకు తమ వాద్యం తమకు వినిపించేలా చూసేవాడు వేదిక పక్కన ఉంటాడు. అతడు మానిటర్ ఇంజనీరు. మిగతావాళ్లు కేబుళ్లు లాగుతారు. తేడా వస్తే తిట్లు మాత్రం హోదా చూడకుండా అందరికీ సమానంగా పడతాయి.

ఆర్కెస్ట్రా హేమంత్‌భాయ్ అనే గుజరాతీ పెద్దమనిషిది. అందులో బేస్ గిటారు వాయించే సదానందం మావాడు. మావాడంటే సిరిసిల్ల వైపు నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వచ్చిన నేత కుటుంబంవాడు. పగలు మగ్గాల షెడ్డులో పని, సాయంత్రాలు గిటారు. నాదీ కరీంనగర్ వైపే కాబట్టి నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఆ ఆర్కెస్ట్రాలో బేస్ అతనిదే.

బేస్ అంటే నాలుగు లావు తీగల గిటారు. జనం దాన్ని ప్రత్యేకంగా వినరు, కానీ అది ఆగితే ఆడేవాళ్ల కాళ్లు తడబడతాయి. గర్బాలో ఒక వరస మొదలైతే పాట మీద పాట అతుక్కుంటూ పోతుంది, మధ్యలో ఆపరు. గాయకులు మారతారు, ఢోల్ వాయించేవాళ్లు మారతారు. బేస్‌కు మారు మనిషి ఉండడు. సదానందానికి అదే గర్వం. షెడ్డులో తాను ఎన్నో మగ్గాల మధ్య ఒక మనిషిననీ, వేదిక మీద మాత్రం తనలాంటివాడు తానొక్కడేననీ ఒకసారి నవ్వుతూ అన్నాడు.

ఆ ఏడాది రిహార్సల్స్‌లో బేస్ నిలకడ తప్పింది. ఒక స్వరం దిమ్మని మోగేది, పక్క స్వరం మునిగిపోయేది. మొదట కేబుల్‌ను అనుమానించారు, తరువాత యాంప్లిఫయర్‌ను, ఆ తరువాత అలవాటు ప్రకారం నన్ను. ఆడలేక మద్దెల ఓడు అనడం మా రంగంలో రోజూ వినే మాటే కాబట్టి నేను పట్టించుకోలేదు. కేబుల్ మార్చి చూపించాను, యాంప్లిఫయర్ మార్చి చూపించాను. ఇక మార్చడానికి మిగిలింది మనిషే. హేమంత్‌భాయ్ కఠినుడు కాడు, కానీ వ్యాపారం తెలిసినవాడు. ఒక కంప్రెసర్ పెట్టి చూడమనీ, దానితోనూ కుదరకపోతే కామ్‌రేజ్‌లో మహేశ్ అనే అతను సిద్ధంగా ఉన్నాడనీ నాతో విడిగా చెప్పాడు. పరికరం ఖర్చు ఆర్కెస్ట్రాదే, ఎంపిక మాత్రం నాది.

కంప్రెసర్ అంటే సూరత్‌లో ఎవరికైనా గాలి కొట్టే యంత్రమో ఏసీలోదో గుర్తొస్తుంది. మాది వేరు. పెద్ద ధ్వనిని తగ్గించి, చిన్న ధ్వనిని లేపి, రెండింటినీ దగ్గరకు తెచ్చే పెట్టె ఇది. దానిలో మొదటి అమరిక గడప. ఆ గడప దాటి వచ్చిన ధ్వనినే అది పట్టుకుంటుంది, దాటనిదాని జోలికి పోదు. రెండోది, పట్టుకున్నదాన్ని ఎంత నొక్కాలన్న నిష్పత్తి. మూడోది, ఎంత త్వరగా పట్టుకోవాలి, ఎంత త్వరగా వదలాలి అన్న వేగం. మరీ త్వరగా పట్టుకుంటే తీగ మీద వేలు పడిన తొలి దెబ్బ చచ్చిపోతుంది. వదలడం ఆలస్యమైతే తరువాతి స్వరం ఊపిరాడక వస్తుంది. నొక్కాక మొత్తం ధ్వని తగ్గుతుంది కాబట్టి చివర్లో దాన్ని మళ్ళీ పెంచుకోవాలి.

ఈ రోజుల్లో మిక్సర్‌లోనే ప్రతి వాద్యానికీ కంప్రెసర్ ఉంటుంది కదా అని చదువరులు అడగవచ్చు. ఉంటుంది. కానీ అది నా దగ్గర, జనం వినే ధ్వనికి. వేదిక మీద అతని వెనక ఉన్న యాంప్లిఫయర్‌కు, దాన్ని నమ్ముకుని వాయించే తోటివాళ్లకు అది ఉపయోగపడదు. పైగా వాయించేవాడి వేలికి తెలియాలి. అందుకని కాలి దగ్గర పెట్టుకునే పెట్టె కావాలి.

ఇద్దరం నగరంలోని ఒక వాద్యాల దుకాణానికి వెళ్లాం. ఎవరి గిటారు వాళ్లు తీసుకెళ్లాలన్నది నా మొదటి నియమం. దుకాణం గిటారుతో చూసి కొంటే దుకాణం గిటారుకే పనికొస్తుంది. ఒకే వరసను మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించాలి. పెట్టె పనిచేస్తున్నప్పుడూ ఆపినప్పుడూ ధ్వని ఒకే స్థాయిలో ఉండేలా సరిచేసుకున్నాకే పోల్చాలి. లేకపోతే ఏది గట్టిగా వినిపిస్తే అదే బాగుందనిపిస్తుంది. ముప్పై ఏళ్లుగా జనం చెవులను చూశాను, ఈ విషయంలో పండితుడికీ పామరుడికీ తేడా లేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకదానికి ఒక్కటే మీట. ఎంత తిప్పితే అంత నొక్కుతుంది. రెండోదానికి అన్ని అమరికలూ విడివిడిగా ఉన్నాయి. పైన చిన్న దీపాల వరస కూడా ఉంది. స్వరం గడప ఎంత దాటితే అన్ని దీపాలు వెలుగుతాయి. నేను రెండోదాన్ని ఎంచాను. మంచి కంప్రెసర్ బాగా పనిచేస్తున్నప్పుడు చెవికి తెలియదు, కంటితో చూసుకోవాలి.

సదానందానికి ఒంటి మీటదే నచ్చింది.

“గీ దీపాలెందుకన్నా? నేను కిందికి చూసుకుంట వాయిస్తనా ఏంది?” అన్నాడు.

చూడకపోతే కళ్లు మూసుకో అన్నాను. నవ్వాడు గానీ, గిటారు సంచిలో పెట్టేటప్పుడు జిప్పు లాగడానికి ఎడమచెయ్యి వాడాడు. అతను కుడిచేతివాటం మనిషి. నేను గమనించాను.

మొదటి రోజు మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో నిష్పత్తి నాలుగుకు ఒకటి పెట్టాను. గడపను అతని మామూలు వాయింపుకు నాలుగు దీపాలు వెలిగేలా అమర్చాను. బేస్ చక్కగా కుదురుకుంది. హేమంత్‌భాయ్ చెయ్యి ఊపి మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం జనం ఆడారు, సదానందం కళ్లు మూసుకుని వాయించాడు. సమస్య తీరిందని అందరం అనుకున్నాం.

ప్రతి మధ్యాహ్నం నేను వేదిక ఎక్కి ప్రతి వాద్యాన్నీ దగ్గర నుంచి చూసి వస్తాను. రెండో రోజు నాలుగో దీపం వెలగలేదు. మూడో రోజు రెండే వెలిగాయి. ఇక్కడ ఈ పరికరం గుణం ఒకటి చెప్పాలి. వాయింపు ఎంత మెత్తబడినా, అది గడప దాటుతున్నంతసేపూ, బయటికి వచ్చే ధ్వనిలో పెద్ద తేడా రాదు. దాని పనే అది. మైదానంలో ఎవరికీ తేడా తెలియలేదు. ముందు కూర్చున్న నాకూ చెవితో తెలియలేదు. దీపాలకు తెలిసింది. అవి అతని కాలి దగ్గరే ఉన్నాయి కాబట్టి అతనికీ తెలిసింది.

నాలుగో రోజు అతని భార్య వినోద అన్నం డబ్బా ఇవ్వడానికి మైదానానికి వచ్చింది. డబ్బా అతనికిచ్చి, నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. “అన్నా, జర నువ్వన్న చెప్పు. అంగీ గుండీలు నేనే పెడుతున్న. దవాఖానకు పోదామంటే పండుగ ఎల్లనీ అంటడు. నా మాట ఇంటలేడు.”

చెప్తాను చెల్లె అన్నాను. ఆ సాయంత్రమే చెప్పాను కూడా. పోతానన్నా, దసరా తెల్లారి పోతా అన్నాడు.

ఐదో రోజు సౌండ్ చెక్‌లో తనే నన్ను వేదిక మీదికి పిలిచాడు. మిగతావాళ్లు చాయ్‌కి వెళ్లారు. తీగ మీటి చూపించాడు.

“సూసినవా అన్నా, ఒక్కటే ఎలుగుతుంది. అది గూడ ఎలిగీ ఎలగనట్టు. జర ఆ గడప దించరాదు?”

“దించితే దీపాలు ఎలుగుతయి తమ్మీ. చెయ్యికి బలమొస్తదా?”

“ఎర్కనే. చెయ్యి సంగతి నాకు సాంచ కాడనే ఎర్కయింది.” సాంచ అంటే వాళ్ల మాటలో మరమగ్గం. “పోగు తెగితే ముడి పడుతలేదన్నా. చిన్నప్పటిసంది కండ్లు మూసుకోని ఏసిన ముడి. పక్కోని పిలిచి ఏయించుకుంటున్న. గీ నాలుగొద్దులు ఎల్లనియ్యి. ఒక్కసారి ఈ జాగ ఇడిస్తే మల్ల రాదు.”

నేను వంగి గడప దించాను. పని తెలిసినవాడు అలా చెయ్యకూడదని నాకు తెలుసు. ఈ రోజు అడిగినా దించుతాను.

దానికి మూల్యం ఉంది. గడప దించి, తగ్గిన ధ్వనిని మళ్ళీ పెంచినప్పుడు స్వరంతోపాటు స్వరం కానిదంతా పెరుగుతుంది. వేలు తీగ మీద జారే చప్పుడు, లైట్ల తీగల నుంచి వచ్చే రొద, గిటారుకు అంగీ గుండీ తగిలిన టక్కు, అన్నీ పైకి వచ్చాయి. మిక్సర్‌లో పైస్థాయి ధ్వనులు కోసి వాటిని వీలైనంత దాచాను. మర్నాడు మళ్ళీ దించాను, ఆ మర్నాడూ దించాను. అతను తీగ మీటేవాడు, నేను మీట తిప్పేవాణ్ణి, దీపాలు వెలిగేవి. రెండు వేళ్లతో మీటేవాడు కాస్తా బొటనవేలికి మారాడు.

చివరి రోజు మొదటి పాటల వరసలోనే నా ముందున్న మిక్సర్‌లో బేస్ స్థాయి చూపే గీత పడిపోయింది. కేబుల్ ఊడిందేమోనని వేదిక వైపు చూశాను. సదానందం తన చోటులోనే ఉన్నాడు. కుడిచెయ్యి తీగల మీద లయ ప్రకారమే కదులుతోంది. గిటారు మీదున్న వాల్యూమ్ మీటను తనే మూసేశాడు. సరిగా పడని స్వరాలు జనం వినడం కంటే ఏదీ వినకపోవడం మేలనుకున్నాడు. మానిటర్ ఇంజనీరుతో కీబోర్డు మనిషికి కబురు పెట్టాను. అతను ఎడమచేత్తో బేస్ అందుకున్నాడు. ఆడేవాళ్లు ఆగలేదు. సదానందం ఆఖరు వరకూ అలాగే నిలబడి, మోగని గిటారును తప్పు లేకుండా వాయించాడు. నా ముప్పయ్యేళ్ల పనిలో వేదిక వైపు చూడలేక తల దించుకున్నది ఆ ఒక్క రోజే.

అయిపోయాక హేమంత్‌భాయ్ వచ్చి ఈ రోజు బేస్ బాగుందని అతని భుజం తట్టాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నేను ఎన్నడూ అడగలేదు. సదానందం చేతులు జోడించాడు. పెట్టె ఆర్కెస్ట్రాది కాబట్టి దాన్ని సామాను పెట్టెలో పెట్టించి, తన గిటారు తాను తీసుకుని వెళ్లాడు.

దసరా తెల్లారి అన్నమాట ప్రకారం దవాఖానకు వెళ్లాడు. కండరాలను నడిపే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు, మందు లేదు. చేతుల తరువాత కాళ్లు, కాళ్ల తరువాత మాట పోయాయి. నేను చూడబోయినప్పుడు, మాట ఉన్నన్నాళ్లూ, ఏ మైదానంలో ఏ స్పీకర్లు వేస్తున్నామని అడిగేవాడు. తరువాత నేనే అడక్కుండా చెప్పేవాణ్ణి. మరుసటి నవరాత్రులకు హేమంత్‌భాయ్ కొత్తవాణ్ణి పెట్టలేదు, బేస్‌ను కీబోర్డు మీదే నడిపించాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. ఆ చలికాలంలో సదానందం పోయాడు.

ఆ తరువాతి ఏడాది, నా ఉద్యోగంలో ఆఖరి నవరాత్రులకు, కామ్‌రేజ్ నుంచి మహేశ్ వచ్చాడు. పెళ్లాం పిల్లలున్నవాడు, నిదానస్తుడు, మంచి వాద్యగాడు. సామాను పెట్టెలోంచి కంప్రెసర్ తీసి అతని కాలి దగ్గర పెట్టారు. రెండేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మహేశ్ మామూలుగా ఒక స్వరం మీటాడు. దీపాలన్నీ ఒక్కసారిగా ఎర్రగా వెలిగి ఆరకుండా నిలిచిపోయాయి. స్వరం నలిగి, మొద్దుగా, మైదానం పగిలేటంత పెద్దగా వచ్చింది. పెట్టె పాడైందని హేమంత్‌భాయ్ అన్నాడు, ఇంకోటి తెప్పిద్దామన్నాడు.

పెట్టె బాగానే ఉందని చెప్పి నేను వేదిక ఎక్కాను. మహేశ్ వాయిస్తుండగా గడపను కొంచెం కొంచెం పైకి తిప్పుతూ పోయాను. దీపాలు ఆరు నుంచి ఐదుకు, ఐదు నుంచి నాలుగుకు వచ్చేదాకా తిప్పాను. అంత తిప్పవలసి వస్తుందని నేననుకోలేదు. సదానందానికి రోజుకు కొంచెం దించినప్పుడు తెలియలేదు, ఒక్కసారిగా వెనక్కి తిప్పితే తెలిసింది, ఆ తొమ్మిది రోజుల్లో అతని చెయ్యి ఎంత పోయిందో, ఎంత మిగిలిన చెయ్యితో అతను అక్కడ నిలబడ్డాడో. మహేశ్ ఇంకా తిప్పాలా అని అడిగాడు. తల ఊపాను.

బేస్‌కు ఏ కంప్రెసర్ కొనాలని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. అమరికలు విడివిడిగా ఉన్నదీ, ఎంత నొక్కుతోందో కంటికి చూపించేదీ కొనమంటాను. ఉన్న స్వరాన్ని అది లేపుతుంది, లేని స్వరాన్ని తేలేదు. చెయ్యి మారినప్పుడల్లా అమరికను మొదటినుంచి పెట్టుకోవాలి. పాత అమరికను దాచి ఉంచనక్కర్లేదు, అది ఇంకెవరికీ పనికిరాదు.