నూరుల్లా గారి ఏడో మ్యాచ్

బందరు ఖొజ్జిల్లిపేటలో ఉండే నూరుల్లా గారికి రెండు విద్యలు వచ్చు. ఒకటి బిరియానీ, రెండోది బేస్‌బాల్. మొదటిది పెళ్ళివారు పిలిస్తేనే వండేవాడు. రెండోది మాత్రం ఎవరూ అడక్కుండానే వడ్డించేవాడు. పొయ్యి రాజుకుని, చుట్టూ నలుగురు ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నారంటే చాలు, ఆయన గరిటె పక్కన పెట్టి గొంతు సవరించుకునేవాడు.

కథ బందరంతా కంఠతా. నలభై నాలుగులో, యుద్ధం మంచి జోరుమీదున్న రోజుల్లో, అస్సాంలో అమెరికా సైన్యం విమానాలు దిగే చోట కుర్ర నూరుల్లా వంటశాలలో పనికి కుదిరాడు. అక్కడ లారీలు తోలే దళానికీ, విమానాలు బాగుచేసే దళానికీ బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ పెట్టారు. మొత్తం ఏడు మ్యాచ్‌లు. చెరి మూడు గెలిచారు. ఏడోది నువ్వా నేనా అని సాగి, చివరికి ఇరవై తొమ్మిది–ఇరవై ఎనిమిదితో లారీలవాళ్ళు నెగ్గారు.

"ఏం ఆటండీ అది! మన బిళ్ళంగోడే అనుకోండి. బిళ్ళ బదులు బంతి. కొట్టినవాడు నిలబడకుండా పరిగెత్తుతాడు, అంతే తేడా" అని ముగించేవాడు.

కథ ఒకటే గాని, అందులో ఆయన ఉద్యోగం మారుతూ వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఆటగాళ్ళకి మంచినీళ్ళు అందించాడు. పెళ్ళయ్యాక బంతులు ఏరి తెచ్చాడు. అరవైల్లో పాయింట్లు రాసే పలక ఆయన చేతికొచ్చింది. డెబ్భైల్లోకి వచ్చేసరికి ఏకంగా అంపైరై, ఆరడుగుల అమెరికా కెప్టెన్‌ని వేలెత్తి బయటికి పంపించేశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. బిరియానీ అంత బాగుండేది మరి.

"ఇంకో పదేళ్ళు బతికారంటే అమెరికా ప్రెసిడెంటు కూడా మా ఆయనేనండీ" అనేది భార్య బీబీజాన్.

డెబ్భై తొమ్మిదిలో బందరు, గుడివాడ జట్లకి బాల్ బ్యాడ్మింటన్ పోటీలు పెట్టారు. ముఖ్య అతిథిగా రమ్మంటే ఒక పెద్ద ఆఫీసరు కుదరదన్నాడు. సినిమా హాలు ఓనరు వస్తానని చెప్పి మంచం పట్టాడు. దండలకీ మైకుకీ అప్పటికే పురమాయించేశారు. మెడ ఒక్కటే తక్కువైంది. క్లబ్బు సెక్రటరీ ధర్మారావుకి నూరుల్లా గుర్తొచ్చాడు. "అంతర్జాతీయ అంపైరు నూరుల్లా గారు" అని గోడలమీద రాయించేశాడు.

గుడివాడ జట్టు మేనేజరు వెంకటపతికి ఒళ్ళు మండింది. "వంటాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మా వాళ్ళచేత దణ్ణాలు పెట్టిస్తారా? ఈయన అంపైరనడానికి సాక్ష్యమేదీ?"

బందరు కోర్టుల ఊరు. ఇక్కడ ఇంకేమడిగినా లేదనొచ్చు గాని సాక్ష్యం అడిగితే లేదనడం నామోషీ. ధర్మారావు వాయిదా అడిగాడు. వెంకటపతే ఊరూరా వాకబు చేసి సాక్షిని పట్టాడు. నాగాయలంక దగ్గర సీమోను అని, యుద్ధంలో ఆ అస్సాం క్యాంపులోనే మట్టిపని చేసినవాడు. అబద్ధమాడడని దివిసీమంతా పేరు. రెండేళ్ళ కిందటి ఉప్పెన తర్వాత సాయం లిస్టులు రాస్తుంటే, లేని గేదెని పోయిందని రాయించుకోని మనిషి ఆ చుట్టుపక్కల అతనొక్కడే.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నూరుల్లాకి అన్నం సయించలేదు. ముదినేపల్లి పెళ్ళిలో బిరియానీకి రెండుసార్లు ఉప్పేశాడు. సీమోను కాదన్నాడంటే ముప్పై అయిదేళ్ళ పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది.

"జ్వరమని ముసుగుతన్ని పడుకోండి" అంది బీబీజాన్.

"పడుకుంటే ఒప్పుకున్నట్టేగా" అన్నాడు. నిజానికి ఆయనకి వెళ్ళాలనే ఉంది. ఎందుకో ఆమెకి చెప్పలేదు.

ఆదివారం పొద్దున మైదానం నిండింది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళకంటే నూరుల్లా పరువు పోతుంటే చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో సగంమంది ఆయన బిరియానీ తిన్నవాళ్ళే. వెంకటపతి సీమోనుని మైకు ముందుకి తెచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, బక్కపలచని మనిషి.

"ఈయన్ని అస్సాంలో చూశావా సీమోనూ? ఆ ఆటలో అంపైరు ఈయనేనా? ఉన్నదున్నట్టు చెప్పు."

సీమోను నూరుల్లా వైపు చూశాడు. ఆయన మెళ్ళో బంతిపూల దండ చూశాడు. జనాన్ని చూశాడు.

"చూడకేమండీ! ఒక పక్క అంపైరు ఈ సాయిబు గారేనండి" అని చొక్కా సర్దుకుని, "రెండో పక్క నేనండి" అన్నాడు.

సందు దొరికిందే చాలని ధర్మారావు మైకు లాక్కున్నాడు. "ఏడో మ్యాచ్ ఇరవై తొమ్మిది–ఇరవై ఎనిమిదేగా?"

"అంతేనండి! ఒక్క పాయింటు తేడా. ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుందండి."

చప్పట్లు మోగాయి. పక్కనే ఇంకో కుర్చీ వేశారు. ఇంకో దండ వేశారు. గండం గడిచినందుకు ఎగిరి గంతెయ్యాల్సిన నూరుల్లా మొహం మాత్రం చిన్నబోయింది. ఆ స్కోరు ఆయనదే మరి. ఎప్పుడో ఒక పెళ్ళిలో ఎవరో స్కోరెంతని అడిగితే, తనకి తెలిసిన అంకె చెప్పాడు. మన వైపు ఆటంటే బాల్ బ్యాడ్మింటన్, గేమంటే ఇరవై తొమ్మిది. బేస్‌బాల్‌లో లెక్క ఎలా కడతారో ఆయనకేం తెలుసు? ఆ అంకె మీద సీమోను ఒట్టేసినంత పని చేశాడు.

పోటీల్లో గుడివాడ గెలిచింది. ఆ సంగతి బందర్లో ఎవరినీ అడక్కండి.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర నూరుల్లా సీమోనుకి టీ ఇప్పించాడు. "నిజం చెప్పు తమ్ముడూ. నువ్వు ఆ ఆట చూడలేదు కదూ?"

సీమోను తల దించుకున్నాడు. "మట్టిపనివాళ్ళని మైదానం చుట్టూ కట్టిన తాడు దాటనిచ్చేవారు కాదండి. ఆ వారమంతా అవతల కాలవ తవ్వుతున్నా. మరి మీరండీ?"

"గిన్నెలు తోమా. డేరాకి ఆ పక్కనే ఆట. డేరా గుడ్డ ఎత్తి చూడబోతే సార్జెంటు బూటుకాలితో తన్నేవాడు. ఏడు ఆటలూ వాళ్ళ కేకలే విన్నాను." నూరుల్లా గ్లాసు బల్లమీద పెట్టాడు. "మరి నువ్వెందుకు అబద్ధమాడావు?"

"పుట్టి బుద్ధెరిగాక నన్ను మైకులో పిలిచింది ఇదే మొదలండి."

నూరుల్లాకి కోపం రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది. "నువ్వు నా పరువు తీస్తే తియ్యి అనుకునే వచ్చా. ఆఖరి రోజు డేరా ఎగిరిపోయేటట్టు కేక వేశారు చూడు, ఆ కేక ఎవరిదో నిన్నడిగి తెలుసుకుందామనుకున్నా. ఇంతకీ ఎవరు గెలిచారో నాకు తెలీదు తమ్ముడూ."

"లారీలవాళ్ళని మీరే అంటారటగా!"

"లారీలవాళ్ళు పళ్ళేల్లో ఏమీ మిగిల్చేవారు కాదు. తోమడం తేలిక. అందుకని వాళ్ళని గెలిపించా."

సీమోను టీ ఆఖరి గుక్క తాగి గ్లాసు పెట్టాడు. అవనిగడ్డ బస్సు హారను కొట్టింది.

"మంచిపని చేశారండి" అన్నాడు లేస్తూ. "విమానాలవాళ్ళు మమ్మల్ని తిట్టేవారు."