పదిహేను రోజులు తక్కువ

మెదక్ జిల్లాలో ఇవాళ ప్రాణాలతో తిరుగుతున్నవాళ్లలో సగం మంది మా అమ్మమ్మ మొగులమ్మ చేతి చలవ వల్లనే బతికి ఉన్నారు. మిగతా సగం మందికి ఇంకా జ్వరం రాలేదు.

ఇది గాలి మాట కాదు. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆమె పంతొమ్మిదేళ్లు మాత్రల పట్టీలను డబ్బాల్లో సర్దింది. తలకు టోపీ, మూతికి గుడ్డ. చదవడం రాదు కాబట్టి ఏ మాత్ర దేనికో ఆమెకు తెలియదు. అయినా ఊళ్లో ఎవరు దగ్గినా, ఆ మందు తమ దగ్గరే తయారవుతుందని చెప్పి సగం డాక్టరులా ముఖం పెట్టేది.

మా ఇంట్లో పూర్తి డాక్టరు మా చిన్నమ్మ కౌసల్య. ఇప్పుడు జోగిపేట సర్కారు దవాఖానలో చేస్తోంది. ఆమెను డాక్టరును చేసింది మా అమ్మమ్మే. ఒక ఏడాది ఆలస్యంగా చేసింది కూడా మా అమ్మమ్మే. అప్పటికి నేను పుట్టలేదు. చిన్నమ్మకు అక్క అయిన మా అమ్మ చెప్పగా విన్నదే రాస్తున్నాను. మా అమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. నేను ఇంటర్ రెండుసార్లు తప్పాను. మా వంశానికి రావలసిన చదువంతా చిన్నమ్మ ఒక్కతే ఎత్తుకుపోయిందని నా అనుమానం.

చిన్నమ్మ కరువు ఏడాది, అంటే డెబ్బై రెండులో, దసరాకు ముందు పుట్టింది. డెబ్బై తొమ్మిదిలో అమ్మమ్మ ఆమెను బడిలో చేర్చడానికి తీసుకుపోయింది. అప్పటికి అమ్మమ్మ ఇంకా పొలాల్లో కూలికి పోయేది. బడిలో ఉన్నది ఓదెలు సారు ఒక్కరే. బడి ఈడు వచ్చిందో లేదో చూడడానికి ఆయన, పిల్లను కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోమన్నారు. అందింది. ఎప్పుడు పుట్టిందని అడిగితే అమ్మమ్మ నిజమే చెప్పింది. సారు దాన్ని లెక్కకట్టి అక్టోబరు పదిహేను, డెబ్బై రెండు అని రాయబోయారు.

అక్కడ మా అమ్మమ్మ తెలివి పనిచేసింది. సంగారెడ్డిలో అటెండరుగా చేసే మా దూరపు చుట్టం నాగయ్య వయసు తక్కువ రాయించుకుని, తోటివాళ్లంతా రిటైరై ఇళ్లకు పోయినా తాను జీతం తీసుకుంటున్నాడు. అది అమ్మమ్మ మనసులో నాటుకుపోయింది. పిల్లకు పలక కూడా కొనలేదు, దాని రిటైర్మెంటు గురించి మాత్రం ఆలోచించింది. రెండేళ్లు తగ్గించమని సారును అడిగింది. ఆయన కుదరదన్నారు. అమ్మమ్మ కూరగాయల దగ్గర నిలబడ్డట్టు కదలకుండా నిలబడింది. ఆయన ఆరు నెలలు అన్నారు. ఆమె ఏడాదిన్నర అంది. చివరికి ఏడాది మూడు నెలల దగ్గర బేరం తెగింది. ఇంకా తగ్గిస్తే పిల్లకు బడి కాదు, ఉయ్యాల కావాలని సారు నవ్వారట. చిన్నమ్మ పుట్టిన తేదీ జనవరి పదిహేను, డెబ్బై నాలుగు అయింది. మరునాడు సారు ఇంటికి మా గుడిసె మీద కాసిన సొరకాయ ఒకటి వెళ్లింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పిల్ల నిజానికి పెద్దది కదా, ఒకటో తరగతి పాఠాలు రెండు నెలల్లోనే ఒప్పజెప్పేసింది. సారు ముచ్చటపడి ఆమెను రెండో తరగతిలో కూర్చోబెట్టారు. కాగితం మీద వయసు వెనక్కి నడిచింది, తరగతి ముందుకు దూకింది. ఆ రెండూ ఒకనాడు ఎదురుపడతాయని అమ్మమ్మకు తోచలేదు. సారుకూ తోచలేదు.

తొంభైలో ఎదురుపడ్డాయి.

చిన్నమ్మ సంగారెడ్డి సర్కారు కాలేజీలో ఇంటర్ చదివి, ఎంసెట్ రాసింది. ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు మా తాత పోచయ్య ఇస్నాపూర్ చౌరస్తాకు పోయి మొదటి బస్సుకు దిగిన పేపరు కొన్నాడు. ఆయనకూ చదవడం రాదు. కానీ ఫ్యాక్టరీలో డ్రమ్ములు మోస్తూ, వాటి మీద నంబర్లు చూసి చూసి అంకెలు బాగా గుర్తుపట్టేవాడు. హాల్ టికెట్టును పేపరు పక్కన పెట్టి ఒక్కో అంకెనూ వేలితో పోల్చుకుంటూ, నంబరు దొరికేదాకా రోడ్డు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. ఇంటికి వచ్చాక కూడా వేలు ఆ నంబరు మీదనుంచి తీయలేదని మా అమ్మ చెబుతుంది.

ఆ నెలంతా కుల సర్టిఫికెట్టుకు, ఆదాయం సర్టిఫికెట్టుకు పటాన్‌చెరు తిరగడమే సరిపోయింది. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తాత, అమ్మమ్మ, చిన్నమ్మ ముగ్గురూ హైదరాబాదులో కౌన్సెలింగ్‌కు పోయారు. అక్కడ కాగితాలు చూసే ఆయన మర్యాదస్తుడు. అన్నీ తిరగేసి, పదో తరగతి మెమో దగ్గర ఆగి, పెన్సిలుతో లెక్క వేసి, మళ్లీ వేశాడు. డిసెంబరు ముప్పై ఒకటి నాటికి పదిహేడేళ్లు నిండాలి, అమ్మాయికి పదిహేను రోజులు తక్కువ పడుతున్నాయి అన్నాడు. ఆ షరతు అప్లికేషనుతో ఇచ్చిన పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ చదవలేదు.

తాతకు అర్థమైంది ఒక్క పదిహేను రోజులే. ఆయన చేతులు జోడించి అన్నాడు.

"పదిహేను రోజులే కద సారూ. గన్ని రోజులు మేం ఈ చెట్టు కింద్నే కూసుంటం. నిండినంక పిలువుండ్రి."

వెనక వరసలో ఎవరో నవ్వారు. కాగితాలు చూసే ఆయన నవ్వలేదు. వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాసి రావాలని, ఈ ర్యాంకు అప్పటికి పనికిరాదని నెమ్మదిగా చెప్పాడు. చిన్నమ్మ కవరు తీసుకుని బయటికి నడిచింది.

బస్సులో తాత ఓదెలు సారును తిడుతూనే ఉన్నాడు. పంతుళ్లు తోచిన తేదీ రాస్తారని లోకమంతటికీ తెలుసు. ఇది కూడా అట్లాంటిదే అనుకున్నాడు. అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అవును అనలేదు, కాదు అనలేదు. మరునాడు పొద్దున తాత సారు ఇంటిమీదికి పోయాడు. అమ్మమ్మ వెనకే పోయింది, ఆపడానికని చెప్పుకుంది గానీ అసలు సంగతి సారు ఏం చెబుతారో అన్న భయం. ఓదెలు సారు అప్పటికి రిటైరయ్యారు. తాత అరిచిందంతా విన్నారు. తాత భుజం మీదుగా అమ్మమ్మ ముఖం చూశారు. తర్వాత, "నాదే పొరపాటు పోచయ్యా" అన్నారు.

ఇప్పుడు మీరు మా అమ్మమ్మను తిట్టుకుంటున్నారని తెలుసు. నేనూ తిట్టుకున్నాను. కానీ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఆమె సరిగ్గా అన్నం తినలేదని మా అమ్మ చెబుతుంది.

చిన్నమ్మ పుస్తకాలన్నీ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి కట్టి అటక మీద పడేసింది. మళ్లీ రాయనంది. తన పుట్టిన రోజు కూడా సరిగ్గా రాయలేనివాళ్ల మధ్య పుట్టి డాక్టరు కావాలనుకోవడం తనదే తప్పంది. వారం తిరక్కుండానే అమ్మమ్మతో పాటు ప్యాకింగులో పనికి చేరింది. తాత చెల్లెలు నర్సింహమ్మ వచ్చి, పిల్ల ఎట్లాగూ ఖాళీగానే ఉంది కదా అని ఒక సంబంధం సంగతి ఎత్తింది. చిన్నమ్మ కాదనలేదు. మీ ఇష్టం అంది. ఆ పిల్ల నోట అంతకుముందు ఎవరూ వినని మాట అది.

ఆమె పనిలో చేరిన పన్నెండో రోజు. పొద్దున షిఫ్టుకు పోతూ తల్లీ కూతుళ్లు చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడ్డారు. ఓదెలు సారు సైకిలు మీద ఎదురొచ్చారు. దిగి, "బాగున్నవా బిడ్డా" అని పలకరించారు. చిన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ పోయారు.

బస్సు వచ్చింది. తోటివాళ్లు ఎక్కుతున్నారు. అమ్మమ్మ కూతురి చెయ్యి పట్టి ఆపింది.

"సారును గట్ల సూడకు. ఆయన సక్కగనే రాయబోయిండు. తేదీ మార్పిచ్చింది నేను. బతిమాలి, సొరకాయ ఇచ్చి మరీ మార్పిచ్చిన."

 చిన్నమ్మ ఒక్క మాట అడిగింది.

"ఎందుకే అమ్మా?"

"ఒక ఏడాది జీతం ఎక్కువొస్తదనుకున్న."

చిన్నమ్మ చేతిలోని టిఫిన్ డబ్బా తల్లి చేతిలో పెట్టి, బస్సు ఎక్కకుండా వెనక్కి తిరిగింది. అమ్మమ్మ ఆ రోజు రెండు డబ్బాలతో షిఫ్టుకు పోయింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అటక మీది సంచి కింద ఉంది, దాని మూతి విప్పి ఉంది. కూతురు చదువుకుంటోంది. తల్లి వైపు తల ఎత్తి చూడలేదు.

ఆ తర్వాత నెలలకు నెలలు చిన్నమ్మ అమ్మమ్మతో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా తాతకు చెప్పేది. "నాయినా, గామెకు చెప్పు, నాకు అన్నం వద్దని." తాత రెండడుగుల దూరంలో ఉన్న అమ్మమ్మకు అది చెప్పేవాడు. ఆమె జవాబు మళ్లీ ఆయనే మోసుకొచ్చేవాడు. ఆయన నోరు జీవితంలో ఎప్పుడూ అంత పని చేయలేదు. అసలు సంగతి తెలిశాక, సారు మీద అరిచినందుకు ఆయనకు సిగ్గేసింది. క్షమించమని అడగడం చేతకాక, ఒక ఆదివారం పోయి సారు ఇంటి చుట్టూ విరిగిన కంచె కట్టి వచ్చాడు.

అమ్మమ్మ చేసిన పనులు మాత్రం అన్నీ మూగగానే జరిగాయి. సాయంత్రాలు ఇల్లు చప్పుడు లేకుండా ఉండాలని తన షిఫ్టు మార్పించుకుంది. పక్కింటి రేడియో గొంతు తగ్గించింది, ఎట్లా తగ్గించిందో పక్కింటివాళ్లు ఇప్పటికీ చెప్పరు. నర్సింహమ్మ రెండో సంబంధంతో వస్తే గడపలోనే మంచినీళ్లిచ్చి, నీళ్లు తాగగానే చెంబు తీసుకుంది. కొత్త అప్లికేషను రాగానే సారు అరుగు మీద కూర్చుని ఆ పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మూడుసార్లు చదివించుకుంది. ప్రింటు వేసిన ప్రెస్సు పేరు కూడా వదలనివ్వలేదట. ఈసారి వయసు సరిపోతుందని సారు చెప్పినా, ఏళ్లు, నెలలు తన వేళ్ల మీద లెక్కించి చూపమంది.

తొంభై ఒకటి ఫలితాల్లో చిన్నమ్మ ర్యాంకు ముందటి ఏడు కంటే వెనకబడింది. సీటు వస్తుందో రాదో అంచు మీద ఉంది. మళ్లీ ముగ్గురూ హైదరాబాదు పోయారు. అమ్మమ్మ గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేదు. తన ముఖం చూస్తే ఆ కాగితాల్లో ఇంకేదైనా తక్కువ పడుతుందని తాతకు చెప్పి, రోడ్డు మీద చెప్పులు కుట్టేవాడి పక్కన కూర్చుంది. పొద్దున కూర్చున్నది మధ్యాహ్నం దాకా లేవలేదు.

చిన్నమ్మ ముందు బయటికి వచ్చింది, వెనక తాత. ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు, ఎందుకంటే ఆయన ఏడుస్తున్నాడు. చిన్నమ్మ నేరుగా వచ్చి అమ్మమ్మ ముందు నిలబడింది. దాదాపు ఏడాది తర్వాత తల్లితో మొదటి మాట మాట్లాడింది.

"వరంగల్‌ల వచ్చింది. హాస్టల్‌కు బకెట్ కొనాలె."

 అమ్మమ్మ ఆ దారిలోనే రెండు బకెట్లు కొంది.

ఇప్పుడు చిన్నమ్మకు ఇద్దరు పిల్లలు, తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు. ఆమె రిటైర్మెంటు గురించి నేను ఒకనాడు లెక్క వేశాను. అమ్మమ్మ బేరం వల్ల ఏడాది మూడు నెలలు ఎక్కువ కలిసొస్తాయి. ఆ బేరం వల్లనే చదువులో ఏడాది పోయింది. మిగిలేది మూడు నెలలు. ఆ మూడు నెలల జీతంలో సొరకాయ వెల తీసేయాలని అమ్మమ్మతో అన్నాను. ఆమె చేతిలో చీపురు ఉండడం వల్ల ఆ లెక్క పూర్తి కాలేదు.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం ఆమెకు చదివి వినిపించాను. ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కదలకుండా విన్నది. చివర్లో నా సొంత ఊహ ఒకటి చేర్చాను. ఆ రోజు చౌరస్తాలో ఆమె ఊరికే నిజం ఒప్పుకోలేదనీ, కూతురికి కోపం తెప్పిస్తేనే మళ్లీ పుస్తకం పడుతుందని ముందే లెక్క వేసుకుని చెప్పిందనీ, అంత ముందుచూపు ఉన్న తల్లి ఈ జిల్లాలో ఇంకొకతె లేదనీ రాశాను. ఈసారైనా మెచ్చుకుంటుందనుకుని, అది నిజమే కదా అమ్మమ్మా అని అడిగాను.

ఆమె కాళ్లు దగ్గరికి లాక్కుని నా వైపు చూసింది.

"గంత తెలివే ఉంటే తేదీ ఎందుకు మార్పిస్తనే? సారు మొఖం సూడలేకపోయిన, చెప్పిన. గంతే. నాకు లేని తెలివి నాకు అంటగట్టుడు బంద్ జేసి, నీకేమన్న ఉంటే పోయి ఇంటర్ పాస్ అవ్వు."